బెత్తెడు దూరం

రఫూ కొట్టు, మెట్ల కింద
మధ్యాహ్నం

వదినా,

ఫోన్ చేస్తే తేలిపోయేదానికి ఉత్తరమెందుకే అంటావని తెలుసు. ఫోన్ చేస్తే మా అన్నయ్య నీ పక్కనే కూర్చుని నీ మాటలన్నీ తనే పూర్తి చేస్తాడు. మొన్న నీ కంటి ఆపరేషన్ సంగతి అడిగితే, నువ్వు "నొప్పి" అన్నావో లేదో "అసలుండదు" అని అవతల్నించి అందుకున్నాడు. నువ్వు చేయించుకోకముందు వద్దంటే వద్దని ఇల్లు పీకి పందిరేసిన మనిషి ఇప్పుడు డాక్టర్ కంటే ఎక్కువ చెబుతున్నాడు. అందుకే మన పాత అలవాటే నయమనిపించింది.

సంగతేమిటంటే, నేనూ లేజర్ చేయించుకుందామా అని చూస్తున్నాను. నవ్వకు. మా ఇంట్లో కోడలిగా అడుగుపెట్టిన కొత్తల్లోనే నన్ను సోడాబుడ్డి అని పిలిచింది నువ్వే. ఆ పేరు ఊడిపోతే నీకే కష్టం.

మా అమ్మాయి పిడుగుని ఈతకి చేర్పించానని చెప్పాను కదా. దాన్ని ఒంటరిగా దింపడం ఎందుకని నేనూ చేరాను. నీళ్ళలో కళ్ళద్దాలు పెట్టుకోనివ్వరు. అవి తీసేస్తే నాకు ప్రపంచమంతా నీళ్ళలో నానేసిన రంగు గుడ్డలా ఉంటుంది. నిన్న గట్టెక్కి, మా ఆయనే కదా అనుకుని "ఆ టవల్ ఇటు పడెయ్, చలేస్తోంది" అన్నాను. ఇచ్చాడు పాపం, ఎవరో పరాయి మనిషి. మా ఆయన అవతలి బెంచీ మీద కూర్చుని ఇదంతా చూస్తూ ఉన్నాడట. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

అందుకని అడుగుతున్నాను. అన్నీ రాయాలి, దాచకుండా. లేజర్ పడుతున్నప్పుడు కంటికి ఏం కనిపిస్తుంది? అంతా చీకటైపోతుందా? రెప్ప వాల్చాలనిపిస్తే ఏం చేస్తారు? కాలిన వాసన వస్తుందని ఎవరో అన్నారు, నిజమేనా? లేచాక మొట్టమొదట ఏం చూశావు? నాకు అన్నిటికంటే ఈ చివరిది తెలుసుకోవాలనుంది.

కొట్టు ఎప్పటిలాగే ఉంది. ఇవాళ ఒక సిగరెట్ కాలిన కోటు వచ్చింది. చిల్లు మీద మళ్ళీ నేయడానికి మడత లోపలి నుంచి పోగులు లాగుతున్నాను. నేను కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, బట్టని ముక్కుకి బెత్తెడు దూరంలో పెట్టుకుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు వాసన చూస్తున్నాననుకుంటారు. ఈయన కూడా "ఉతికించే తెచ్చానండీ" అని సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

నీ,
సోడాబుడ్డి


బస్సు డిపో, డ్రైవర్ల గది

మా బుడ్డికి,

చేయించుకో. ఇంకో మాట లేదు. ఉత్తరం ఇక్కడితో ఆపేసినా నీకు సరిపోవాలి, కానీ నువ్వు వదిలే రకం కాదుగా.

ముందు కంట్లో చుక్కలు వేస్తారు. కన్ను మొద్దుబారిపోతుంది. రెప్పలు వాలకుండా చిన్న క్లిప్పు పెడతారు కాబట్టి రెప్ప వాల్చాలని నీకెంత అనిపించినా అది వాలదు.  పైన ఒక ఆకుపచ్చ చుక్క ఉంటుంది, దాన్నే చూస్తూ ఉండమంటారు. కాసేపటికి ఆ చుక్క కరిగి, పొగలో పెట్టిన దీపంలా అయిపోతుంది. వాసన నిజమే, జుట్టు కమిలినట్టు వస్తుంది. అది నీ కన్నేనని గుర్తు రాకుండా చూసుకో. ఇంట్లో ఏదో మాడుతోందనుకుంటే సరి. నేను అలాగే అనుకుని, పొయ్యి కట్టేశానా లేదా అని ఆలోచిస్తూ పడుకున్నాను. ఆ ఆలోచన తెమిలేలోపు రెండు కళ్ళూ అయిపోయాయి.

మొదట చూసింది గడియారం. ఆపరేషన్ గదిలో గోడ మీద గడియారం ఉందని నాకు అంతవరకూ తెలియదు. ఆ తర్వాత మీ అన్నయ్య చెవుల్లో వెంట్రుకలు. అవి కూడా అంతవరకూ తెలియదు. మర్నాడు పొద్దున కిటికీ తెరిస్తే, ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలకి పెట్టిన క్లిప్పులు రంగు రంగులుగా కనపడ్డాయి. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. క్లిప్పులు చూసి ఏడ్చేదాన్ని నన్నొక్కదాన్నే చూసి ఉంటారు ఆ ఇంటివాళ్ళు.

నా పనిలో ఎంత సుఖమో చెప్పలేను. వానపడితే అద్దాల మీద ఆవిరి, చెమటపడితే ముక్కు మీద నుంచి జారడం, పక్క అద్దంలోకి చూడాలంటే తల మొత్తం తిప్పడం, ఏవీ లేవు. స్టీరింగు మీద నుంచి చెయ్యి తీసి కళ్ళద్దాలు ఎగదోసుకునే అలవాటు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఉత్తి ముక్కునే ఎగదోస్తుంటాను. కండక్టర్ నవ్వుతాడు.

టవల్ ఇచ్చిన మహానుభావుడికి నా నమస్కారాలు చెప్పు.

వదిన


రఫూ కొట్టు, గిరాకీ లేని పూట

వదినా,

వెళ్ళొచ్చాను. ఎంత బాగుందో! నేను రోగిలా వెళ్ళి ఎగ్జిబిషన్ చూసినట్టు తిరిగొచ్చాను.

ఒక యంత్రానికి గడ్డం ఆనించి లోపలికి చూడమన్నారు. లోపల ఒక దారి, దారి చివర చిన్న ఇల్లు. ఒకసారి మసగ్గా, ఒకసారి స్పష్టంగా, మళ్ళీ మసగ్గా. ఇంతమంది వచ్చి ఆ ఇంటినే చూసి పోతారు కదా, ఒక్కళ్ళనీ తలుపు దాకా వెళ్ళనివ్వరు. ఇంకో యంత్రం కంటి పైపొర మందం కొలిచింది. నాది సరిపోతుందట. పవర్ మైనస్ ఎనిమిది. ఆ అంకె వినగానే పరీక్ష చేసే అమ్మాయి నా వైపు కాస్త గౌరవంగా చూసిందనిపించింది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఉంది! నోరు ఊరుకోక అడిగేశాను, మీరెందుకు చేయించుకోలేదండీ అని. రోజూ వినే ప్రశ్నేమో, నవ్వింది. "నా పొర పలచనమ్మా, నాకు కుదరదు. కుదిరితే చేయించుకునేదాన్నో కాదో నాకే తెలీదు" అంది. ఆవిడ మీద నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకంతోనే ఇంకో మాట అడిగాను. "చేయించుకున్నాక కూడా బెత్తెడు దూరంలో పోగు కనిపిస్తుందా?"

కనిపించదట వదినా.

ఆవిడ బొమ్మ గీసి చెప్పింది. నా కన్ను దూరానికి ఎంత పనికిరానిదో, దగ్గరికి అంత పనికొచ్చేదట. భూతద్దం కంట్లోనే పెట్టుకుని తిరుగుతున్నట్టు. దూరం సరిచేస్తే ఆ భూతద్దం పోతుంది. నా వయసు వాళ్ళందరికీ ఎంత దగ్గరగా కనిపిస్తుందో నాకూ అంతే. పైగా నలభై దాటాను కాబట్టి త్వరలోనే చదవడానికి అద్దాలు వస్తాయి. "మీ వృత్తికి లూప్ పెట్టుకోవచ్చు, గడియారాలు బాగుచేసేవాళ్ళు పెట్టుకుంటారే అది" అంది. ఒక కన్నుకి చేసి రెండోది వదిలేయండి, దూరానికొకటి దగ్గరికొకటి వాడుకుంటాను అన్నాను. మీకున్న పవర్‌కి అలా చేస్తే మెట్లు దిగుతూ పడతారని నవ్వేసింది.

చిన్నప్పటి నుంచి దీన్ని లోపం లోపం అనుకుంటూ వచ్చాను. నా చేతిలో సూది కంటే ముందున్న పనిముట్టు ఇదేనని ఇవాళ తెలిసింది. ఏం చెయ్యాలో తోచడం లేదు. మా ఆయన్ని అడిగితే "నీ కళ్ళు, నీ ఇష్టం" అన్నాడు. ఎంత ఉదారమో! ఒళ్ళు మండిపోయింది.

ఇంకో సంగతి. నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదువుతుంటే ఒకటి కంటబడింది. నీ పాత ఉత్తరాలు తీసి పక్కన పెట్టుకుని చూశాను. అప్పట్లో ఒక్క పేజీలో ఊరంతా ఇరికించేదానివి. ఇప్పుడు నీ అక్షరాలు పిల్లల పలక మీద రాతలా ఇంతలేసి ఉంటున్నాయి. పోగులు లెక్కపెట్టే దాన్ని, నాకు కనపడకుండా ఉంటుందా? ఎందుకు?

నీ బుడ్డి


బస్సు డిపో

బుడ్డీ,

అక్షరాలకేం? కొత్త పెన్ను, సిరా ఎక్కువ కక్కుతోంది.

నా సంగతి తర్వాత. నిన్న పిడుగుతో ఫోన్‌లో మాట్లాడాను. ఈత ఎలా ఉందే అంటే, "నేను పిలిస్తే అమ్మ టాటా చెప్పింది అత్తా" అంది. ఏమిటే అది అంటే, బొమ్మల ప్రోగ్రాం వస్తోందని ఫోన్ పెట్టేసి పోయింది. మీ అన్నయ్య పక్కన లేడు. ఉంటే ఆ వాక్యం ఎలాగూ పూర్తి చేసేవాడు, నాకు మాత్రం చేతకాలేదు.

టవల్ కథ రాశావు, ఇది రాయలేదు. ఏం జరిగింది?

వదిన


ఇల్లు, వంటగది బల్ల

వదినా,

రాయకూడదని కాదు, రాస్తే నిజమైపోతుందని.

నీకు మొదటి ఉత్తరం రాయకముందు జరిగింది ఇది. పిల్లల వైపుకీ లోతు వైపుకీ మధ్య తాడు కట్టి ఉంటుంది. నేను ఇవతల గోడ పట్టుకుని కాళ్ళాడిస్తున్నాను. తాడు దగ్గర ఎర్ర టోపీ ఒకటి తేలుతోంది. పిడుగు టోపీ ఎర్రదే. దాని పక్కన చెయ్యి పైకి లేచి ఊగుతోంది. ఆడుకుంటోందనుకున్నాను. నేనూ చెయ్యెత్తి ఊపాను. మళ్ళీ ఊపింది, నేను మళ్ళీ ఊపాను, నవ్వుతూ. ఈత నేర్పే ఆవిడ నా పక్క నుంచే నీళ్ళలోకి దూకింది. అప్పటికీ నాకు అర్థం కాలేదు.

దానికేం కాలేదు. కాసిని నీళ్ళు కక్కింది, దగ్గింది, అంతే. ఊపిరి కుదుటపడగానే నా మీద కోప్పడింది. "నేను పిలుస్తుంటే నువ్వు టాటా చెప్తావేంటమ్మా?" అని. ఆ సాయంత్రానికి దానికి అదో జోకైపోయింది. వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. నాకు మాత్రం అన్నం సయించడం లేదు.

ఇదీ సంగతి. టవల్ కోసం ఎవరైనా కళ్ళు కోయించుకుంటారా?

ఇక్కడ పోగు, అక్కడ పిల్ల. ఇంకా ఆలోచించడానికేముంది, ఏది ముఖ్యమో ఎవర్నడిగినా చెబుతారు. ఆపరేషన్‌కి తేదీ కూడా తీసుకున్నాను. డాక్టరమ్మే ఒక ఉపాయం చెప్పింది. ఈలోగా కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని కొన్నాళ్ళు పని చేసి చూడమంది. లేజర్ తర్వాత ఎలా కనిపిస్తుందో ఇంచుమించు అలాగే కనిపిస్తుందట. నీళ్ళలోకి మాత్రం వాటితో దిగకూడదు. రేపటి నుంచి మొదలు.

నేను దాచింది చెప్పేశాను. ఇప్పుడు నీ వంతు. కొత్త పెన్ను కథలు నాకు చెప్పకు. నా పిల్లని చూడటానికి నేను కళ్ళు మార్చుకోబోతున్నాను, నీ మాట నమ్మి.

నీ బుడ్డి


బస్సులో, డ్రైవర్ సీటు

బుడ్డీ,

నీ ఉత్తరం చదివాక బండి కదిలించడానికి కాసేపు పట్టింది. ప్యాసింజర్లు గొణుక్కున్నారు. గొణుక్కోనీ.

ముందు ఒక మాట విను. మునిగేవాళ్ళు సినిమాల్లోలా కేకలు పెట్టరు. చురుకైన కళ్ళున్నవాళ్ళు కూడా ఆడుకుంటున్నారనే అనుకుంటారు. నేనైనా చెయ్యూపేదాన్ని. ఈ మాట నిన్ను ఓదార్చడానికి కాదు, నిజం కాబట్టి రాస్తున్నాను. నువ్వు నమ్మవని కూడా తెలుసు.

ఇక నా సంగతి. చదవడానికి నాకు అద్దాలొచ్చాయి. వయసుకి వచ్చేవే, లేజర్ చేయించుకోకపోయినా వచ్చేవి. కాకపోతే అప్పుడు పాత అద్దాలు తీసేస్తే దగ్గరవి చదవగలిగేదాన్ని, ఇప్పుడా వీలు లేదు. కొత్తవి భోజనం డబ్బా సంచిలో అడుగున పెట్టుకుని తిరుగుతున్నాను, దొంగసొత్తులాగ. నీకు రాసేటప్పుడు కూడా పెట్టుకోవడానికి మనసొప్పదు. అందుకే ఆ పలక రాతలు.

రెండోది పెద్దది. చీకటి పడ్డాక దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. ఎదురుగా వచ్చే ప్రతి బండీ సున్నా చుట్టుకుని వస్తుంది. మొదట్లో మరీ ఎక్కువ, ఇప్పుడు తగ్గింది, పూర్తిగా పోలేదు. పరీక్ష చేసి నడపొచ్చనే అన్నారు. నాకే ధైర్యం చాలక పగటి డ్యూటీ అడిగి మార్పించుకున్నాను. నాకు మోకాళ్ళ నొప్పులు, అందుకే మార్చుకున్నానని మీ అన్నయ్యకి చెప్పాను. అంత వాదించి, అంత ఏడిపించి చేయించుకున్నాక, అతని ముందు ఓడిపోవడం ఇష్టం లేదు. నీతో కూడా అందుకే గొప్పలు పోయాను. నీకు చెప్తే అతనికి తెలుస్తుందని భయం.

నీ ఉత్తరం వచ్చిన రోజే అతనికి చెప్పేశాను. నీకు నిజం రాయబోతూ, ఇంట్లో అబద్ధంతో ఎలా కూర్చోను? అంతా విని "తెలుసు" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక్క మాటతో ఆపాడే! ఈ వానాకాలమంతా నా ఆఖరి ట్రిప్పులో, చీకటి పడే వేళకి, గాలి కోసమని బస్సెక్కి నా వెనక సీట్లో కూర్చుంటున్నాడు. ఇంట్లో ఊపిరాడక వస్తున్నాడేమోలే అనుకున్నాను. నా దీపాల సంగతి కనిపెట్టి వస్తున్నాడట. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు గెలిచావనుకుంటున్నావు కదా, ఉండనీ అనుకున్నా" అన్నాడు. ఇలాంటి మనిషితో ఇక వాదనేం పెట్టుకుంటాం చెప్పు!

మళ్ళీ అడిగితే మళ్ళీ చేయించుకుంటాను బుడ్డీ. ఆ క్లిప్పుల రంగులు ఇప్పటికీ నాకు ముద్దే. కానీ ఇవి నా కళ్ళు, నా బస్సు. నా మాట నమ్మి మాత్రం ఆపరేషన్ బల్ల ఎక్కకు. లెన్సులు పెట్టుకుని ఏం చూశావో రాయి. నీ పిల్ల కోసమని ఒక్కటే తలుచుకుని నిర్ణయం చెయ్యకు, నీ కోసం కూడా చూసుకో.

వదిన


ఇల్లు, పూల్ నుంచి వచ్చాక

వదినా,

అన్నయ్యని నా తరఫున ఒకసారి గట్టిగా తిట్టి, తర్వాత బుగ్గ గిల్లు.

లెన్సుల సంగతి చెబుతాను. మొదటి రోజు వీధిలో నడుస్తుంటే కళ్ళు చాల్లేదు. ముక్కు మీద బరువు లేదు. పక్కకి చూస్తే పక్క కూడా ఉంది! మనుషులు ఇంత పెద్దగా ఉంటారా అనిపించింది, నా మందపాటి అద్దాల్లోంచి అందరూ బొమ్మల్లా కనిపించేవాళ్ళు. వాన వచ్చింది. గొడుగు తెరవకుండా నిలబడి చూశాను. నీ క్లిప్పుల ఏడుపు నాకు అప్పుడర్థమైంది.

కొట్టులో వేరే కథ. ఆ సిగరెట్ కాలిన కోటు ఇంకా పూర్తి కాలేదు. అలవాటుగా బెత్తెడు దూరానికి తెచ్చుకుంటే ఒట్టి నల్లటి మసక. చెయ్యి చాపి పట్టుకుంటే కనపడుతుంది కానీ పోగు పోగులా ఉండదు, ఉత్త గుడ్డలా ఉంటుంది. లూప్ కొన్నాను. దాంతో పని జరిగింది, నిజం చెప్పాలి. మెల్లగా, మెడ నొప్పితో, కానీ జరిగింది. కోటు ఆయన వెలుతురులో తిప్పి తిప్పి చూసి చిల్లు ఎక్కడుండేదో చెప్పలేకపోయాడు. కాబట్టి పని పోతుందన్న భయం తీరింది. ఇంక అడ్డేముంది, చేయించేసుకుందాం అనుకున్నాను.

ఆ సాయంత్రం పిడుగు ఏడుస్తూ వచ్చింది. పూల్ దగ్గర చెక్క బెంచీ మీద జారుతూ అరచేతిలో పేడు గుచ్చుకుంది. రా, తీస్తానని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. చెయ్యి దగ్గరికి తెచ్చుకుంటే ఏమీ లేదు. దూరం పెడితే చిన్న చెయ్యి కనిపిస్తోంది, పేడు లేదు. లూప్ కొట్టులో ఉండిపోయింది. సూదితో తడుముతుంటే అది కెవ్వుమంది. "ఆ కొత్త కళ్ళు తీసెయ్యమ్మా, పాత కళ్ళతో చూడు" అంది.

లెన్సులు తీసి డబ్బాలో పెట్టి వచ్చి, దాని చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అంతా ఉంది వదినా. పేడు, దాని చుట్టూ ఎర్రదనం, చర్మం మీది సన్నగీతలు, గోటి పక్కన అది కొరుక్కున్న చోటు. ఒక్కసారికే వచ్చేసింది. అది అప్పుడే ఏడుపు మానేసి నా మొహంలోకి చూస్తోంది. దాని రెప్పల మీద ఇంకా తడి ఉంది, ఒక్కో వెంట్రుకా విడివిడిగా. పుట్టిన రోజున నర్సు దాన్ని నా పక్కన పడుకోబెట్టినప్పుడు నా కళ్ళద్దాలు ఎక్కడో బల్ల మీద ఉన్నాయి. ఈ దూరంలోనే చూశాను. నాకు దాని మొహం తెలిసింది ఈ దూరంలోనే. ఈ చూపుని ఎవరి చేతిలోనో పెట్టి, మళ్ళీ రాదని తెలిసీ, వదులుకోలేను. ఇది పూర్తిగా నా కోసమే. నువ్వే కదా నీ కోసం చూసుకోమన్నావు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. డాక్టరమ్మతోనే మాట్లాడాను, పూల్‌లో జరిగింది కూడా మొదటిసారి చెప్పాను. కోప్పడుతుందనుకుంటే, "మరి పూల్‌లో ఎలాగ?" అని అడిగింది.  జవాబు కూడా ఆవిడే చెప్పింది. ఈత గాగుల్స్ పవర్‌తో కూడా వస్తాయట! కళ్ళద్దాల షాపుల్లోనే అమ్ముతారట. ఇన్ని యంత్రాల్లో గడ్డం పెట్టాను, నీ చేత పేజీలకు పేజీలు రాయించాను, ఒక్కళ్ళకీ ఈ ముక్క తోచలేదు. నేనే అడగలేదు. అంతకుముందు పూల్ సంగతి ఆవిడతో ఎప్పుడు చెప్పాను గనక?

ఇవాళ అవి పెట్టుకుని దిగాను. చూడటానికి పెద్ద కప్పలా ఉన్నానని మా ఆయన అన్నాడు. అతను బెంచీ మీద ఎక్కడున్నాడో, ఎలా నవ్వుతున్నాడో స్పష్టంగా కనిపించింది కాబట్టి నీళ్ళు చిమ్మి కొట్టాను, సరిగ్గా తగిలాయి. నీటి అడుగున పలకలు నీలంగా ఉన్నాయి, సందుల్లో సున్నం తెల్లగా ఉంది. ఇన్నాళ్ళూ దేని మీద నిలబడ్డానో ఇవాళ చూశాను.

పిడుగు ఇవతలి గోడ దగ్గర నుంచి బయల్దేరింది. ఈత నేర్పే ఆవిడ పక్కన నడుస్తోంది, పట్టుకోలేదు. నేను ఛాతీ లోతులో నిలబడి, రెండు చేతులూ ముందుకు పెట్టుకుని చూస్తున్నాను, ఏ క్షణంలో పిలిస్తే ఆ క్షణంలో వెళ్ళాలని. మధ్యలో ఒకసారి తడబడింది. నా కాళ్ళు కదిలాయి. అది మొహం పైకెత్తి, గాలి పీల్చుకుని, మళ్ళీ నీళ్ళలో పెట్టింది. కాళ్ళు ఆడుతున్నాయి, చేతులు పడుతున్నాయి. అలాగే అవతలి గోడ దాకా పోయి, చేత్తో కొట్టి, టీచరమ్మతో ఏదో గొప్పలు చెబుతూ నిలబడింది.

దారి పొడుగునా ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నేనక్కడ ఉన్నానో లేదో కూడా చూసుకోలేదు. ఎంత బాగా కనిపించిందో వదినా, మొత్తం!

గట్టెక్కి గాగుల్స్ తీస్తే లోపల నీళ్ళున్నాయి. చుక్క కూడా లోపలికి రాదని షాపతను హామీ ఇచ్చాడు. అతని తప్పేం లేదు.

నీ,
సోడాబుడ్డి